ఎస్తేర్‌కి ఇవ్వని గది

ఏడేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పేటప్పుడు అది గట్టిగా పది మాటలు కూడా లేదు. ఇంత బరువెక్కుతుందని అప్పుడు తెలియలేదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదా? ఏమో. చెప్పేదాన్నేమో. మొదలుపెట్టాక ఇదీ ఒప్పుకోవాలి.

మీరెవరో నాకు తెలియదు. అది నాకు మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలో నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకుని కథ ముగించాను. ఒకసారి ఆఫీసులో నా పక్కన కూర్చునే ఐరిష్ ఆవిడకి సగం చెప్పాను. ఆవిడ నా భుజం తట్టి, నువ్వు గ్రాండ్, అంటే ఇక్కడివాళ్ళ మాటలో నీకేం లోటులేదని, ఊరికే మనసు పాడుచేసుకోకు అంది. ఆ సగంలో నేను నిజంగానే గ్రాండ్‌గా ఉన్నాను మరి. మిగతా సగం చెప్పాలంటే కులం అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాలి, అంత ఓపిక లేదని సాకు పెట్టుకున్నాను. మీకు ఆ పాఠం అక్కర్లేదు. అందుకని ఇక్కడ సాకు కూడా లేదు.

ముందు నేరం చెప్పేస్తాను. కథ తర్వాత. నన్ను చెల్లెల్లా చూసుకున్న ఒక స్నేహితురాలికి ఉండటానికి గది దొరకకుండా చేశాను. గది ఖాళీగా ఉండి కూడా. ఆ నింద తీసుకెళ్ళి ఇంకొకామె మీద వేశాను. ఆ ఇంకొకామె నాకు నాలుగేళ్ళు అన్నం పెట్టిన మనిషి. ఇక్కడి పోలీసులు, గార్డులు, వచ్చి పట్టుకుపోయే నేరం కాదిది. నన్నెవరూ అడగరు. అడిగేవాళ్ళు లేకపోవడం వల్లే ఇన్నాళ్ళు నడిచిపోయింది.

నేను ఐర్లండ్‌లో, కార్క్ పక్కన రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అప్పట్లో బాలింకాలిగ్‌లో ఉండేదాన్ని. ఆ ఇంటి లీజు ఒక తెలుగు జంట పేరు మీద ఉండేది. అమలాపురం వైపు వాళ్ళు. వాళ్ళని అక్కా, బావగారూ అనేదాన్ని, చుట్టరికం ఏమీ లేదు. బావగారిది సాఫ్ట్‌వేర్. అక్క పిల్లల క్రెష్‌లో పనిచేసేది. నాలుగేళ్ళ పాప, మీనూ, తెలుగులో తిడితే కార్క్ యాస ఇంగ్లిష్‌లో తిరిగి సమాధానం చెప్పేది. పైన రెండు గదులు అద్దెకిచ్చారు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మాస్టర్స్ చదివే ఒకమ్మాయి. అద్దెకున్నవాళ్ళని అద్దెకున్నవాళ్ళలా చూడటం అక్కకి చేతకాదు. పులుసు మరుగుతుంటే నన్ను కేకేసి ఉప్పు చూడమనేది. నా పుట్టినరోజుకి గారెలు వండేది.

నేనేమిటో వాళ్ళకి తెలియదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను. నాన్న బడిపంతులు. మాలవాళ్ళం, తాతల నాటినుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. సర్టిఫికెట్లలో మాత్రం హిందూ అని ఉంటుంది. ఎందుకుంటుందో తెలుగువాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు. మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది, అది వినగానే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. అక్క కూడా ఏదో అనుకుంది. నేను అబద్ధం చెప్పలేదు, అడగనిదానికి జవాబివ్వలేదంతే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అయితే శ్రావణమాసంలో అక్క వ్రతానికి కూర్చోబెడుతుందని తెలిసి, ఏ చేత్తో ఏం పట్టుకోవాలో ముందురోజు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదెవరు? నాన్న ఫోన్ చేస్తే ఇంట్లో ఎత్తకుండా, వానలో బయటికెళ్ళి కారులో కూర్చుని మాట్లాడిందెవరు? నాన్న ప్రతి ఫోనూ ప్రార్థనతో ముగిస్తాడు. నేను ఆమెన్ అనేదాకా పెట్టెయ్యడు.

భయం ఊరికే పుట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక గదిలో ఉండేదాన్ని. నాన్న చూడ్డానికి వచ్చి, కంచం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. కిటికీలోంచి ఇంటావిడ చూసింది. ఆ నెలాఖరుకి బంధువులు వస్తున్నారు, గది కావాలంది. బంధువులెవరూ రాలేదు. వారం తర్వాత అటువైపు వెళ్తే గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతోంది. అక్క అలాంటిదని నేను అనడంలేదు. ఒకసారి దీపావళి పార్టీకి కొత్తగా వచ్చిన కుటుంబం గురించి, వాళ్ళేవిట్లని, అంటే ఏ కులమని, బావగారిని అడగడం విన్నాను. అంతే అడిగింది, ఇంకేమీ అనలేదు. నాకు అదే చాలు. ఆ రాత్రి నాన్న ఫోటో కింద ఉన్న బైబిల్ తీసి సూట్‌కేసు అడుగున పెట్టాను.

ఆ ఏడాది రెండు కాంట్రాక్టుల మధ్య అయిదు వారాలు ఖాళీ దొరికింది. అందరూ ఇండియాకి వెళ్తారు. నేను నమీబియాకి టికెట్ కొన్నాను. ఎందుకంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు. నన్నెరిగినవాళ్ళు ఒక్కరూ ఉండని చోటు కావాలనిపించింది. అక్క కంగారుపడుతుందని ఆఫీసువాళ్ళతో కలిసి వెళ్తున్నానని చెప్పాను. చూశారా, ఎంత సులువుగా వస్తాయో నాకు.

అక్కడి రాజధాని విండ్‌హుక్‌లో బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్. అక్కడ వంటగది అందరిదీ. ఎవరి తిండి సంచీ మీద వాళ్ళు పేరు, ఖాళీ చేసే రోజు రాసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. నా పాలు పెడదామని ఫ్రిజ్ తెరిస్తే ఒక డబ్బా మీద తెలుగులో రాసి ఉంది: ఎస్తేర్ పచ్చడి, తీస్తే కళ్ళు పోతాయ్. నేను పైకే నవ్వేశాను. వెనకనుంచి ఒకావిడ, చదవొస్తదా నీకు అంది. అదీ ఎస్తేర్‌తో పరిచయం. హన్మకొండ దగ్గర ఊరు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఐర్లండ్‌లోనే, కిల్లర్నీలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సు. తను కూడా ఒక్కతే వచ్చింది. తెలుగులో రాస్తే ఎవరికీ అర్థం కాక ముట్టుకోరని తన ఉద్దేశం. అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే, ఆ పూటే సగం డబ్బా ఖాళీ చేశాను.

ఇద్దరం కలిసి చిన్న కారు అద్దెకు తీసుకున్నాం. ఎస్తేర్ నడిపేది. నేను పక్కన కూర్చుని కంకర రోడ్డు మీద గుంతలు లెక్కపెట్టేదాన్ని. రెండుసార్లు టైరు పోయింది. రెండుసార్లూ తనే మార్చింది, నేను గొడుగు పట్టాను. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో నాకు కడుపు పాడై మూడు రోజులు లేవలేకపోతే, మొహమాటపడుతున్న నన్ను కసిరి నా బట్టలు కూడా ఉతికింది. ఒకే గుడారం, ఒకే గిన్నెలో అన్నం. ప్రయాణంలో దొరికే స్నేహాలు అట్లా తొందరగా ముదురుతాయి. రేపు ఏ ఊళ్ళో ఉంటామో తెలియనివాళ్ళం, ముప్పైయేళ్ళు ఎవరికీ చెప్పనిది మూడు వారాల మనిషికి చెప్పేస్తాం. చెప్పి, ఎవరి దారిన వాళ్ళు పోతాం అనుకుంటాం. మేమిద్దరం వెళ్ళేది ఒకే దేశానికని ఆ క్షణంలో గుర్తుండదు.

పక్క దేశం బోట్స్‌వానాలో కారు లేదు. వ్యాన్లు మారుతూ మౌన్ అనే ఊరికి వెళ్తున్నాం. పక్క సీట్లో కెఫిల్వే అనే టీచరమ్మ. ఏ దేశమని అడిగింది, ఇండియా అన్నాం. పిల్లలున్నారా అని అడిగింది. తర్వాత చాలా మామూలుగా, మీ వంశం జంతువేది అని అడిగింది. అక్కడ ప్రతి కుటుంబానికీ ఒక జంతువు ఉంటుందట. వాళ్ళది మొసలి. మొసలిని వాళ్ళు తినరు, ముట్టుకోరు. కొత్తగా పరిచయమైనవాళ్ళని అది అడగడం మర్యాదట. ఆవిడ మొహంలో కల్మషం లేదు. నేను మాత్రం ఒళ్ళో సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఈ ప్రశ్న నాకు తెలుసు, పుట్టినప్పటినుంచీ తెలుసు. ఎస్తేర్ నవ్వకుండా, మాది గొర్రెపిల్ల అని చెప్పింది, బైబిల్లో యేసుకి ఉన్న పేరు అది. ఆవిడ తల పంకించి నా వైపు చూసింది. నాకు తెలియదన్నాను. పాపం ఆవిడ బాధపడి, ఇంటికెళ్ళాక మీ అమ్మమ్మని అడుగు, పెద్దవాళ్ళకి తెలుస్తుందని ధైర్యం చెప్పింది.

ఆ మధ్యాహ్నం మౌన్‌లో నది ఒడ్డున బట్టలు ఆరేస్తూ ఎస్తేర్‌కి అంతా చెప్పేశాను. చర్చి, సర్టిఫికెట్లు, హైదరాబాద్ గది, అక్క వ్రతం, కారులో ఆమెన్. చెబుతూ ఏడ్చాను. తను ఆశ్చర్యపోలేదు. మూడో రోజే తనకి తెలిసిందట. తినేముందు నేను ఒక్క క్షణం ఆగుతానట. కళ్ళు మూయనుగానీ ఆగుతానట. ఆ సంగతి నాకే తెలియదు. తను పేరు దాచుకోలేదు కాబట్టి పడ్డవన్నీ చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. దాచుకున్నందుకు నన్ను ఒక్క మాటనలేదు. ఎవరి పానం వాళ్ళకి తీపి, నీ సంగతి నా నోట్లకెళ్ళి రాదు పో అంది. నేను మాట అడగలేదు. తనే ఇచ్చింది.

ఇంతవరకు చెప్పడం తేలిక. ఇందులో నేను బాగానే ఉన్నాను.

తిరిగొచ్చాక రోజూ మాట్లాడుకునేవాళ్ళం. నాలుగు నెలలకి ఎస్తేర్‌కి కార్క్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఉద్యోగం వచ్చింది. ఎన్నేళ్ళుగానో దానికోసం చూస్తోంది. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో చేస్తూ ఉంటే నేర్చుకున్న పని చేతులు మర్చిపోతాయని బాధపడేది. చేరడానికి మూడు వారాలే గడువు. కార్క్‌లో గది దొరకడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. ఒక గదికి నలభైమంది వరసలో నిలబడతారు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో మాస్టర్స్ అమ్మాయి డబ్లిన్ వెళ్ళిపోతోంది. నేనే ఆవేశంగా, ఇంకెక్కడా చూడకు, మా ఇంటికి వచ్చెయ్ అన్నాను. ఎస్తేర్ ఎంత సంతోషించిందో. ఆదివారం ఆదివారం ఇద్దరం కలిసి చర్చికి పోదామంది. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక నా నవ్వు ఆగింది.

ఎస్తేర్ భోజనానికి ముందు పైకే ప్రార్థన చేస్తుంది. అక్క డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చేస్తుంది. చివర నా వైపు చూస్తుంది. చూడకపోయినా నేను ఆమెన్ అనకుండా ఉండగలనా? ముప్పైయేళ్ళ అలవాటు. అక్క చేతిలో గరిటె ఆగుతుంది. తర్వాత? తర్వాత ఏమవుతుందో నేను ఊహించుకున్నవన్నీ ఇక్కడ రాయను. వాటిలో ఒక్కటి కూడా అక్క చేసింది కాదు, నేను ఆమెతో చేయించినవి.

రెండు రోజులకి అక్కే ఆ మాట ఎత్తింది. ప్రయాణం ఫోటోలు చూపించినప్పుడు ఎస్తేర్ గురించి కొంత చెప్పి ఉన్నాను. అక్క చపాతీలు ఒత్తుతోంది. ఆ నర్సమ్మాయి కార్క్ వస్తుందన్నావుగా, పేరేంటి, ఎస్తేరు కదూ, మన పైగదికి రమ్మనకూడదా అంది. ఎస్తేరు అని శుభ్రంగా పలికింది. పేరు విన్నాక ఆరా తీయలేదు. ఇంకో ఉండ చేతిలోకి తీసుకుంటూ, డ్యూటీ నుంచి వచ్చినప్పుడు మెట్లు చప్పుడవకుండా ఎక్కమను, మీనూ లేచిపోద్ది అంది. అంతే. ఆమె పెట్టిన షరతు అదొక్కటే.

ఆమెకి వేరే గది దొరికిందటక్కా అన్నాను నేను.

మర్నాడు భోజనాల విరామంలో ఫ్యాక్టరీ కార్ పార్కులో కూర్చుని ఎస్తేర్‌కి ఫోన్ చేశాను. ఎదురుగా ఫెర్రీ ఎక్కే లారీలు వరసగా కదులుతున్నాయి. ఆ నాలుగు నిమిషాల్లో మాట్లాడిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"ఎస్తేర్, ఆ గది కుదిరేట్టు లేదు."

"ఎవరికన్న ఇచ్చేసిన్రా?"

"ఇవ్వలేదు. వాళ్ళకి చర్చికెళ్ళేవాళ్ళంటే కొంచెం... నీకు తెలుసుగా."



"పేరు చూసే అన్నరా?"

"ఊఁ. పేరు చూసే."

"సరే తియ్యి, నాకు కొత్తనా." గొంతు తగ్గించింది. "మరి నువ్వెట్లుంటున్నవ్ ఆ ఇంట్ల?"

"నేను బానే ఉన్నాను."

"పైలం మరి. నా ముచ్చట వాళ్ళ దగ్గర ఇగ తియ్యకు. ఫోన్ గూడ నేను చెయ్య, నీకు వీలైనప్పుడు నువ్వే చెయ్యి. నా వల్ల నీకేం గావద్దు."

అరుస్తుందనుకున్నాను. అక్కని తిడుతుందనుకున్నాను. తిడితే నాకు బాగుండేది, నేనూ రెండు మాటలు కలిపేదాన్ని. తను నా గురించి భయపడింది. తను అనుకున్న శత్రువుల ఇంట్లో నన్నొక్కదాన్నీ వదిలేశానని బాధపడింది. ఫోన్ పెట్టేశాక నేను శాండ్‌విచ్ తిన్నాను. మొత్తం తిన్నాను. ఆకలిగానే ఉంది. అది కూడా మర్చిపోలేదు.

ఎస్తేర్ ఉద్యోగంలో చేరింది. కిల్లర్నీలో పాత గది వదల్లేక, పొద్దున నాలుగింటికి లేచి బస్సులో కార్క్ వచ్చి, పన్నెండు గంటలు నిలబడి, మళ్ళీ బస్సులో వెళ్ళేది. అయిదు నెలలు అలా చేసింది. గది కోసం వెతుకుతూనే ఉంది. ఫిబ్రవరిలో మెసేజ్ పెట్టింది, కార్క్ జాబ్ వదిలేసిన, బస్సుల్ల పానం పోతున్నదని. మళ్ళీ పాత నర్సింగ్ హోమ్‌లో చేరింది. ఆ మెసేజ్ చదివినప్పుడు నా పక్క గది ఇంకా ఖాళీగానే ఉంది. అక్క అందులో మీనూ సైకిల్, ఇస్త్రీ బల్ల పెట్టుకుంది. తెలిసినవాళ్ళు దొరికేదాకా ఎవరికీ ఇవ్వనంది.

ఎస్తేర్ నా మాట ఎవరికీ చెప్పలేదు. గది మాట మాత్రం చెప్పక తప్పలేదనుకుంటాను. కార్క్ తెలుగు చర్చివాళ్ళని గది కోసం అడిగినప్పుడు, బాలింకాలిగ్‌లో ఫలానా వాళ్ళింట్లో ఉందిగా అని ఎవరో అని ఉంటారు. వాళ్ళు మనవాళ్ళకి ఇవ్వరట అని తను అని ఉంటుంది. అందులో తన తప్పేముంది? తనకి తెలిసింది అదే. మా వీధి చివర ఆ చర్చికే వెళ్ళే ఒక నర్సు కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి, మీనూ ఒకే క్రెష్. ఆ పిల్ల మా ఇంటికి ఆడుకోవడానికి రావడం మానేసింది. అక్క క్రిస్మస్‌కి వాళ్ళింటికి అరిసెలు పంపితే డబ్బా మర్నాడు అలాగే తిరిగొచ్చింది. అక్క ఆ డబ్బా పట్టుకుని వంటింట్లో నిలబడి, నేను వాళ్ళనేమన్నానే అని నన్ను అడిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. వాళ్ళంతేలే అక్కా అన్నాను. వాళ్ళంటే ఎవరు? మా అమ్మ, మా నాన్న, నేను.

మా ఫ్యాక్టరీలో రికార్డులు రాసేటప్పుడు తప్పు పడితే చెరపకూడదు. తెల్లరంగు పూయకూడదు. ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ, కారణం పెట్టాలి. గీత కింద పాత అక్షరాలు కనపడుతూ ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే. కారణం గడిలో పొరపాటు అని రాసి ఊరుకోవద్దు, ఎందుకు జరిగిందో రాయమని కోప్పడతాను కూడా. మరి నాది ఎందుకు జరిగింది? భయం అని రాస్తే సరిపోతుందా? భయమే అయితే ఎస్తేర్‌కి నిజం చెప్పొచ్చుగా. నువ్వొస్తే నా గుట్టు బయటపడుతుందని భయంగా ఉంది, రావద్దు అంటే తను అర్థం చేసుకునేది. తనంత బాగా అర్థం చేసుకునేవాళ్ళు ఈ భూమ్మీద లేరు. అయినా ఆ మాట అనలేకపోయాను. తన ముందు మంచిదాన్నిగా ఉండాలి, అక్క ముందు అక్క అనుకున్నదాన్నిగా ఉండాలి. రెండూ కావాలి నాకు. మా తాతల్ని, నాన్నని, ఎస్తేర్‌ని బాధపెట్టిన మాటే తీసి వాడుకున్నాను. అందరూ నమ్మేస్తారని తెలుసు. అక్కలాంటి వాళ్ళు అలాగే అంటారని ఎస్తేర్‌కి జీవితం నేర్పింది. ఆ జీవితాన్ని నేను సాక్ష్యంగా తెచ్చుకున్నాను.

అక్కకి తెలిస్తే నన్ను ఇంట్లోంచి పొమ్మనేదా? నాకు తెలియదు. ఏవిట్లని అడిగిన నోరే ఎస్తేరుని రమ్మంది. రెండూ ఆమే. అక్క నిజంగా ఎలాంటిదో తేలే సందర్భం ఒక్కటి వస్తే దాన్ని నేనే రాకుండా ఆపాను. తర్వాత మెల్లగా ఎస్తేర్‌కి ఫోన్ చేయడం తగ్గించాను. తను మాటిచ్చినట్టే తనంతట తను ఎప్పుడూ చేయలేదు.

ఇప్పుడు నేను వేరే ఇంట్లో, ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆదివారాలు అక్క దగ్గరే భోజనం. బైబిల్ సూట్‌కేసులోంచి బల్లమీదికి వచ్చింది, ఎవరైనా వస్తున్నారంటే సొరుగులోకి వెళ్తుంది. ఇంతకాలం రాయనిది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం అక్కతో కలిసి కార్క్‌లో చేపల మార్కెట్‌కి వెళ్ళాను. అక్క చేప మొప్పలు ఎత్తి చూస్తూ దుకాణం అతనితో వాదిస్తోంది. తలెత్తితే నాలుగడుగుల దూరంలో ఎస్తేర్.

జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కాస్త చిక్కింది. నన్ను చూడగానే మొహమంతా నవ్వు వచ్చింది, నోరు తెరవబోయింది. అప్పుడే నా పక్కన అక్కని చూసింది. అక్క బొట్టు, నా చేతిలో అక్క సంచీ. ఎవరో పోల్చుకుంది. నవ్వు వెనక్కి తీసుకుంది. కళ్ళు పక్కకి తిప్పి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్యనుంచి నడిచినట్టు మా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. కోపంతో కాదు. కోపం నేను గుర్తుపడతాను. ఏడేళ్ళ తర్వాత కూడా నా గుట్టు కాపాడుతోంది. అది కూడా నేను కల్పించిన ప్రమాదం నుంచి.

అక్క ఆమె వెనక్కే చూస్తూ, ఎవరే ఆవిడ, మన తెలుగావిడలా ఉంది, నీకేసి నవ్వబోయినట్టుంది, తెలుసా అని అడిగింది.

తెలియదక్కా అన్నాను.

ఇది చదివాక మీరు నన్ను ఏమనుకున్నా నేను కాదనను. ఎస్తేర్‌కి ఉత్తరం రాస్తానా? అక్క ఎదురుగా కూర్చుని చెబుతానా? రాస్తానని, చెబుతానని మీకు మాటివ్వడానికి కూడా భయంగా ఉంది, మాటలు తప్పడం నాకు ఎంత సులువో చూశారు కదా. తప్పు ఒక్క గింజంత తగ్గలేదు. ఎస్తేర్ థియేటర్ ఉద్యోగం తిరిగి రాదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకని అక్క మార్కెట్లో అడిగినదానికి అసలు జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

తెలుసక్కా. ఆమె పేరు ఎస్తేర్. నా స్నేహితురాలు. జబ్బుపడితే నా బట్టలు ఉతికిన మనిషి. మీరు పైగదికి రమ్మన్నది ఈమెనే. ఈమెకి వేరే గది దొరకలేదు. మీరు వద్దన్నారని నేనే చెప్పాను. నేను కూడా చర్చి పిల్లనేనక్కా, ఈమె వస్తే ఆ సంగతి మీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఏడేళ్ళయింది. ఆమె చెప్పలేదు. నేనే చెబుతున్నాను.